మాస్టారి కుడి దవడ

అనుమానమైతే ఎప్పుడో ఒకప్పుడు తేలిపోతుంది. టచింగమ్మకి పట్టుకున్నది అనుమానం కాదు, కుళ్ళు. అదీ యాభై దాటాక, అంత కాపురం చేశాక, మొగుడి దవడ చూసే డాక్టరమ్మ మీద.

టచింగమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. మెయిన్ రోడ్డు మీద మందుల షాపుకీ టైలరు కొట్టుకీ మధ్యనున్న ఫోటో స్టూడియో వాళ్ళ నాన్నది. ఫిల్ము రోజుల్లో నెగెటివ్ మీద సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మచ్చలు మాపడం, కళ్ళకింద నలుపు తీయడం, ఈ టచింగ్ పనంతా చిన్నప్పుడే ఆయన దగ్గర నేర్చుకుంది. ఇప్పుడు పెన్సిల్ పోయి కంప్యూటరూ, దానికో పెన్నూ వచ్చాయి గాని పని అదే. "టచింగమ్మ చేతిలో పడితే గుమ్మడికాయకైనా కనుముక్కుతీరు వస్తుంది" అని జనం నవ్వేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వేది. ఆ మాటలో అబద్ధమేమీ లేదని ఆవిడ నమ్మకం.

మొగుడు హైస్కూల్లో లెక్కల మాస్టారు. పొద్దస్తమానం బళ్ళో మాట్లాడి మాట్లాడి, ఇల్లు చేరేసరికి ఆయన దగ్గర మాటలు అయిపోయేవి. "ఊ", "సరే", "చూద్దాం", ఈ మూడింటితోనే కాపురం నెట్టుకొచ్చిన మనిషి. ఆవిడ కూడా అలవాటుపడింది. గోడకి చెప్పుకున్నా ఇంతేలే అనుకుని చెప్పాల్సినవన్నీ చెప్పేసేది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం దంతాల ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

"ఎవరు కనపడ్డారో చెప్పుకో చూద్దాం. నా స్టూడెంటే! పదో తరగతిలో మొదటి బెంచీలో కూర్చుని నన్ను ప్రశ్నలతో చంపుకు తినేది. ఇప్పుడు దవడ గడ్డలకి పెద్ద స్పెషలిస్టట. నన్ను చూడగానే లేచి నిలబడిందోయ్. అంతమంది ముందు! త్రికోణమితిలో నేను చెప్పిన కిటుకు ఇప్పటికీ గుర్తుందట. దవడ కొలతలు తీసేటప్పుడు పనికొస్తోందట!"

ఆవిడ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన కళ్ళలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో.

"ఇంతకీ దవడకేమిటట?" అంది.

"ఊ... చూద్దాం" అన్నాడు మాస్టారు, మళ్ళీ మామూలు మనిషైపోయి.

విషయమేమిటంటే, రెండు నెలల కిందట గడ్డం గీసుకుంటుంటే కుడి దవడ కింద బ్లేడు ఎక్కి దిగినట్టైంది. తడిమి చూసుకుంటే గట్టిగా ఉబ్బు. నొప్పి లేదు. సెగ్గడ్డేమోలే అని ఊరుకున్నాడు. తగ్గకపోతే సందు చివరి పళ్ళ డాక్టరుకి చూపించాడు. ఆయన ఎక్స్‌రే తీసి, కాసేపు తల గోక్కుని, "ఇది నా పరిధి దాటిందండీ" అని పెద్ద దంతాల ఆసుపత్రికి చీటీ రాసిచ్చాడు. అక్కడున్న దవడల డాక్టరమ్మే ఈ పాత శిష్యురాలు.

రెండోసారి వెళ్ళేటప్పుడు టచింగమ్మ స్టూడియోకి తాళం వేసి తానూ బయల్దేరింది.

"నువ్వెందుకు, బేరాలు పోతాయి" అన్నాడాయన.

"పోతే పోనీండి. నాకూ చూడాలనుంది" అంది. ఏం చూడాలనుందో చెప్పలేదు.

గది చిన్నది. మధ్యలో వాలు కుర్చీ, దానిమీద మెడ వంచుకున్న లైటు, గోడకి ఎక్స్‌రేలు చూపే పెద్ద తెర. డాక్టరమ్మకి ముప్పై ఐదు దాటి ఉంటాయి. ముఖం మీద మచ్చ లేదు, కళ్ళకింద నలుపు లేదు. టచింగ్ చేయడానికి చెయ్యి పెట్టే చోటే కనిపించలేదు ఆవిడకి. అది మొదటి దెబ్బ.

"రండి మాస్టారూ! మీరు కూడా కూర్చోండి ఆంటీ" అంది డాక్టరమ్మ. అది రెండోది. ఆయనేమో మాస్టారు, తనేమో ఆంటీనా!

పక్కనున్న జూనియర్లతో డాక్టరమ్మ, "వీరు మా మాస్టారు" అని పరిచయం చేసింది. 'మా' అట, 'మా'! నిన్నగాక మొన్న కనపడి అప్పుడే వాటా రాయించుకుంది.

తర్వాత జరిగింది చూడలేకపోయింది టచింగమ్మ, కాని చూపు తిప్పుకోనూ లేకపోయింది. డాక్టరమ్మ చేతితొడుగులు వేసుకుని, మాస్టారి వెనక నిలబడి, రెండు చేతులతో రెండు దవడలూ ఒకేసారి తడిమింది. చెవి కింద మొదలుపెట్టి గడ్డం దాకా, మెల్లగా, గుడ్డివాళ్ళు ముఖం గుర్తుపట్టేటట్టు. నోట్లో వేలు పెట్టి చిగురు లోపలి నుంచీ, బయటి నుంచీ నొక్కింది. చిన్న దూది ఉండను మంచులా చల్లబరిచి ఒక్కో పన్నుకీ ఆనించింది.

"చల్లగా తగిలిందా మాస్టారూ?"

"ఊ."

"ఇది?"

"జివ్వుమంది!"

"మంచిది. పళ్ళు బతికే ఉన్నాయి. అంటే ఇది పన్ను పుచ్చి వచ్చిన చీము కాదు. కింది పెదవి మొద్దుబారడం, తిమ్మిరి లాంటిదేమైనా ఉందా?"

"లేదమ్మా."

'అమ్మా' అన్నప్పుడు ఆయన గొంతులో అంత మెత్తదనం ఎక్కడ దాక్కుందో ఇన్నేళ్ళూ!

డాక్టరమ్మ తెర మీద ఎక్స్‌రే చూపించింది. కింది దవడ ఎముకలో రెండు దవడపళ్ళ కింద, మబ్బుముక్కలాంటి తెల్లటి ముద్ద. దాని చుట్టూ సన్నటి నల్లగీత.

"ఇదిగో చూడండి మాస్టారూ. పంటి వేళ్ళని ఇది తినలేదు, చెరో పక్కకీ జరిపింది. కిందున్న ఎముక అంచు వంగింది గాని తెగలేదు. ఇవన్నీ మంచి లక్షణాలు. నెమ్మదిగా పెరిగే గడ్డలు పక్కవాటిని తోసుకుంటూ చోటు చేసుకుంటాయి. తొందరగా పెరిగే చెడ్డవైతే తినేస్తాయి." తెర మీద వేలు పెట్టింది. "కాని ఇక్కడ, ఒక్కచోట, అంచు చెదిరినట్టుంది. అది నాకు నచ్చలేదు. ఈ ఉబ్బు ఎన్నాళ్ళనుంచి ఉంది?"

"రెండు నెలలు" అన్నాడు మాస్టారు.

"అంతకుముందు?"

"ఏమీ లేదమ్మా. నున్నగా ఉండేది."

టచింగమ్మ నోరు తెరవబోయి మూసుకుంది. ఎందుకు మూసుకుందో ఆ నిమిషంలో ఆవిడకీ సరిగ్గా తెలియదు. ఆ గదిలో అన్నీ తెలిసిన మనిషి ఒకతె ఉంది కదా, తెలుసుకోనీ అనిపించింది.

ఆ రోజే చిగురు కోసి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించారు.

పైవాటాలో మాస్టారి అక్క ఉంటుంది. టచింగమ్మకి వదిన. ఆవిడకి కబురు చేరనక్కర్లేదు, గాలి వాసనే చాలు. మర్నాడు స్టూడియోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఏమ్మా, మా తమ్ముడు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాడటగా? అదీ ఇస్త్రీ చొక్కా వేసుకుని?"

"కుట్లు చూపించుకోవడానికి వదినా."

"కుట్లు చూపించడానికి ఇస్త్రీ ఎందుకు? వాడికి దవడ నొప్పి కాదే పిల్లా, డాక్టరమ్మ నొప్పి."

"అసలు నొప్పే లేదు వదినా ఆయనకి."

"అదీ చూశావా! నొప్పి లేకుండానే వెళుతున్నాడు!"

వదిన నవ్వి వెళ్ళిపోయింది. ఆవిడకేం, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకునే రకం కాదు. కాని ఆ మాట పోలేదు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన ఒకాయన మీసాన్ని ఆ మధ్యాహ్నం ఒక పక్క పొట్టిగా చేసేసింది టచింగమ్మ. ఆవిడ చేతిలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు.

అసలు మంట రెండ్రోజుల తర్వాత రేగింది. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కిటికీలోంచి మాస్టారి గొంతు వినిపించింది. ఫోనులో మాట్లాడుతున్నాడు. "భయంగానే ఉందమ్మా... లేదు, ఇంట్లో చెప్పలేదు... పళ్ళు పోతే పోయాయి, మాట పోతే నేనెందుకు పనికొస్తాను చెప్పు? నల్లబల్ల ముందు నిలబడి మూగవాడిలా..." ఆ తర్వాతా చాలాసేపు చెప్పుకుపోయాడు. చివర్లో చిన్నగా నవ్వాడు కూడా.

టచింగమ్మ తడిబట్ట పట్టుకుని అక్కడే ఉండిపోయింది. మాటలు ఆ పిల్లకిచ్చాడు, సరే. పాత కబుర్లూ, త్రికోణమితీ ఇచ్చాడు, పోనీ. భయం కూడా అక్కడే ఇచ్చాడే! కట్టుకున్నదానికి ఇవ్వాల్సిన వస్తువు కదా అది! అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సాయంత్రం ఆయన "ఆకలిగా లేదు" అంటే "మంచిది" అని గిన్నె మీద మూత పెట్టేసింది.

ముక్క పరీక్ష ఫలితం వచ్చిన రోజున ఇద్దరూ వెళ్ళారు. డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు.

"ల్యాబ్ డాక్టరు తేల్చి చెప్పలేకపోతున్నారు మాస్టారూ. తప్పు ఆయనది కాదు. ఎముకా, పంటి వేరు మీదుండే పొరలాంటి పదార్థమూ కలిసి పెరిగే గడ్డలు కొన్నుంటాయి. కేన్సర్ కాదు, తీసేస్తే పోతాయి. కాని అచ్చం వాటి వేషమే వేసుకొచ్చే చెడ్డ జాతి ఒకటుంది. చిన్న ముక్కలో రెండూ ఒక్కలాగే కనపడతాయి. అప్పుడు ముక్క ఒక్కటే చూస్తే చాలదు. ఎక్స్‌రే, మనిషి, ఎన్నాళ్ళలో ఎంత పెరిగింది, అన్నీ కలిపి చూడాలి. మీరు రెండు నెలలంటున్నారు. అదే నన్ను భయపెడుతోంది. పాత ఫోటోలేమైనా ఉన్నాయా?"

మాస్టారు ఉత్సాహంగా, "ఫోటోలకేం తక్కువమ్మా! మా ఆవిడది ఫోటో స్టూడియోనే. ఏటా నా పుట్టినరోజుకి స్టూలు మీద కూర్చోబెట్టి తీస్తుంది. అదే స్టూలు, అదే లైటు. మెట్ల పక్క గోడంతా నేనే!" అన్నాడు.

డాక్టరమ్మ మొదటిసారి టచింగమ్మ వైపు పూర్తిగా తిరిగింది. "నిజమా ఆంటీ? ప్రతి ఏడూనా? అంతకంటే కావలసిందేముంది!"

ఆ చూపు ఆవిడకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. 'ఇన్నాళ్ళకి నా అవసరం వచ్చిందా' అనుకుంది. ఇంటికెళ్ళి మెట్ల గోడ మీది ఫ్రేములన్నీ దించింది, తుడిచింది, గుడ్డలో చుట్టింది. అందులో ఒక్కటి కూడా ఆవిడ చెయ్యి పడకుండా గోడకెక్కలేదన్న సంగతి తెలియక కాదు. తెలుసు. కాని ఆ పిల్ల ముందు పరచబోయేది తన పనితనం. మొగుడు తన చేతుల్లో ఎంత అందంగా ఉన్నాడో చూడాలి. అంతకంటే ముందుకి ఆలోచన సాగలేదు. కుళ్ళుకున్న మనిషి ఆలోచన రెండడుగులు వేసి కూలబడుతుంది.

మర్నాడు డాక్టరమ్మ ఫ్రేములు బల్లమీద వరసగా పరిచింది. కంటి మూల నుంచి దవడ అంచు దాకా స్కేలు పెట్టి కుడి పక్కా, ఎడమ పక్కా కొలిచింది. ఒక ఫోటో. ఇంకోటి. కొలుస్తున్నకొద్దీ ఆమె పెదాలు బిగుసుకున్నాయి.

"పోయిన పుట్టినరోజుది ఇదేనా ఆంటీ?"

"అదే."

"రెండు పక్కలూ సరిసమానంగా ఉన్నాయి. వెంట్రుక తేడా లేదు." డాక్టరమ్మ స్కేలు కింద పెట్టింది. "అంటే ఇదంతా ఈ ఏడాది లోపల పెరిగిందే. మాస్టారూ, నేను మా ప్రొఫెసరు గారికి చూపిస్తాను. ఆయన ఏమంటారో నేనిప్పుడే ఊహించగలను. అనుమానం ఉన్నప్పుడు గడ్డ ఒక్కటే తీయరు. చుట్టూ మంచి ఎముక కూడా కలిపి, దవడలో ఈ భాగమంతా తీసేస్తారు. కాలిలోంచి ఎముక తెచ్చి అతుకుతారు. మాట... కొన్నాళ్ళు కష్టం కావచ్చు."

మాస్టారు తలూపాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా.

టచింగమ్మ తేలుకుట్టిన దొంగలా కూర్చుంది. చెప్పాలి. ఒక్క మాట, 'అవి టచింగ్ చేసినవి'. కాని ఆ మాట వెనకే ఇంకో మాట రావాలి కదా: టచింగ్ చేశావంటే చూశావన్నమాట, చూసి ఎందుకు ఊరుకున్నావు? ఆ మచ్చలేని ముఖం ముందు కూర్చుని ఆ ప్రశ్న అడిగించుకోవడానికి నాలుక లేవలేదు. ఫ్రేములు మళ్ళీ గుడ్డలో చుట్టి, మొగుడి వెనకాల నడిచి బయటికొచ్చింది.

దారిలో ఆయన ఒక్కటే మాటన్నాడు. "ఆ ఫోటోలు బాగా తీశావోయ్."

ఆవిడ ఫ్రేముల మూటని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

మర్నాడు తెల్లవారుతూనే ఇల్లు ఊడవకుండా స్టూడియోకి వెళ్ళి షట్టరు సగం ఎత్తి కంప్యూటరు ముందు కూర్చుంది. ఒరిజినల్ ఎప్పుడూ చెరపకూడదన్నది వాళ్ళ నాన్న నేర్పిన మొదటి పాఠం. అన్నీ ఉన్నాయి. ఏడు వెంట ఏడు తెరిచింది. మొదట్లో కుడి దవడ కింద ఏదో ఉందా లేదా అన్నంత. ఒక పక్కే పడుకుంటాడు, దిండు ఒత్తిడేమో అనుకుని పెన్నుతో ఒక్కసారి లోపలికి నెట్టింది. తర్వాతి ఏడు ఇంకాస్త. ఒక పక్కే నములుతాడు, ఎన్ని చెప్పినా వినడు అనుకుని ఇంకాస్త నెట్టింది. వయసు వస్తే ముఖం మారదా ఎవరికైనా? ఏడాదికి గోరంత చొప్పున అది పెరుగుతూ వచ్చింది. ఏడాదికి గోరంత చొప్పున ఆవిడ తీసేస్తూ వచ్చింది. ఇంట్లో ఆయన ముఖం చూసినప్పుడల్లా కళ్ళకి అలవాటైన ఫోటో ముఖమే కనిపించేది కాబోలు. ఇప్పుడు అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, చిన్నపిల్లలైనా చెప్పేస్తారు.

పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఆయనకి చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ వరండాలో ఎదురైంది. "ఏంటి ఆంటీ, ఒక్కరే వచ్చారు? మాస్టారికి బాగానే ఉందా?"

"మాస్టారు బాగానే ఉన్నారు. నీతో మాట్లాడాలి. నిన్న నీకు చూపించినవి ఫోటోలు కావు."

"మరి?"

"నా చేతిపని."

గదిలోకి వెళ్ళి తెర మీద ఒరిజినల్స్ వేశారు. డాక్టరమ్మ ఒకదాని వెంట ఒకటి చూస్తూ కుర్చీ ముందుకి లాక్కుంది. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చింది.

"ఇది ఎప్పటిది ఆంటీ?"

"తొమ్మిదో ఏడు నడుస్తోంది. అక్కడే మొదలు."

"తొమ్మిదేళ్ళు!" డాక్టరమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "తొమ్మిదేళ్ళుగా ఇంత నెమ్మదిగా, ఇంత క్రమంగా! చెడ్డదైతే ఇంతకాలం ఇలా మర్యాదగా కూర్చోదు ఆంటీ." అప్పటికప్పుడు ల్యాబ్‌కి ఫోను చేసి చెప్పింది. తర్వాత ఇటు తిరిగి, మెల్లగా అడిగింది. "ఇన్నేళ్ళూ మీకు కనపడుతూనే ఉందా?"

రానే వచ్చింది ప్రశ్న. టచింగమ్మ రాత్రంతా దానికి పొడుగాటి జవాబు కూర్చుకుంది. తీరా నోట్లోంచి వచ్చింది వేరు.

"కనపడింది. బాగోలేదనుకుని తీసేశాను. జబ్బనుకోలేదు."

డాక్టరమ్మ దెప్పలేదు. జాలిపడనూలేదు. తలూపి, ఫోటోల తేదీలు కాగితం మీద రాసుకుంది. దెప్పితే ఎదురు నాలుగు అందామని సిద్ధంగా ఉన్న టచింగమ్మకి ఏం చేయాలో తోచలేదు. లేచి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"ఆయన నీతో ఫోనులో అంతంతసేపు ఏం మాట్లాడతారు?"

"అది నేను చెప్పకూడదు ఆంటీ" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "పేషెంటు మాటలు ఇంట్లోవాళ్ళకైనా చెప్పం. మీరు ఆయన్నే అడగండి."

చల్లారబోయిన మంట మళ్ళీ భగ్గుమంది. తన మొగుడి మాటలకి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని, మర్యాదగా 'ఆంటీ' అంటోంది! బస్సు ఎక్కేదాకా పళ్ళు నూరుతూనే ఉంది. బస్సులో కూర్చున్నాక తట్టింది, తన రహస్యం కూడా ఆ పిల్ల అలాగే ఎవరికీ చెప్పదని. అయినా మంట తగ్గలేదు.

ఇంటికొచ్చి మాస్టారికి జరిగిందంతా చెప్పింది. గడ్డ మంచిదే అయ్యుండొచ్చు అన్న మాటకి ఆయన ముఖం విచ్చుకుంటుందనుకుంది. ఆయన లేచి నిలబడ్డాడు. కోపంగా.

"అంటే గోడ మీదున్నది నేను కాదా?"

"మీరే..."

"నేనెలా అవుతాను? అద్దంలో ఎప్పుడైనా తేడాగా అనిపిస్తే మెట్ల దగ్గరకెళ్ళి ఆ ఫోటో చూసుకునేవాణ్ణి. బానే ఉందిగా, నా భ్రమే అనుకునేవాణ్ణి. నా ముఖం నాకే తెలియకుండా చేశావు!"

ఆయన గొంతు అంత పైకి లేవడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. పైవాటాలో వదిన కుర్చీ జరిపిన చప్పుడు. టచింగమ్మ కూడా లేచింది. ఇన్నాళ్ళు దిగమింగింది ఆగలేదు.

"నాది తప్పే. మరి మీరో? భయంగా ఉందని ఆ పిల్లకి చెప్పుకుంటారా? నేను పెరట్లో ఉండి కిటికీలోంచి వినాలా? నేనేమైపోయాను?"

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. మళ్ళీ 'చూద్దాం' అంటాడనుకుంది. అనలేదు.

"నీకు చెబితే ఏమంటావో నాకు తెలుసు. 'ఏం కాదండీ, మీకేమిటి, నిక్షేపంగా ఉన్నారు' అంటావు. అయిపోయింది. నా భయానికి కూడా టచింగ్ చేసేస్తావు. ఆ అమ్మాయి ఏమీ అనదు. వింటుంది. అంతే తేడా."

కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ ఒకేసారి వస్తే ఏది ముందు పంపాలో తెలియక టచింగమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ నిలబడి గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. తను ఇన్నేళ్ళూ గోడతో మాట్లాడుతున్నాననుకుంది. ఆయనకీ అలాగే అనిపించి ఉంటుందని ఎప్పుడైనా ఊహించిందా?

తర్వాత పనులు చకచకా సాగాయి. స్కాన్ తీశారు. ఎక్స్‌రేలో అంచు చెదిరినట్టు కనపడిన చోట పంటి వేరు నీడ దానిమీద పడిందని, కింద అంచు చక్కగానే ఉందని తేలింది. ఈసారి లోతు నుంచి పెద్ద ముక్క తీశారు. ల్యాబ్ డాక్టరు, స్కాన్ చదివే డాక్టరు, డాక్టరమ్మ ముగ్గురూ ఒకేచోట కూర్చుని ముక్కా, స్కానూ, ఫోటోలూ కలిపి చూశారు. కేన్సర్ కాదు. ఎముక, పంటి వేరు పొర కలిసిన మామూలు గడ్డ. దవడ కోయక్కర్లేదు. నోటి లోపలి నుంచే తీసేయొచ్చు.

ఆపరేషను రోజు ఉదయం మాస్టారు ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం అంచున కూర్చున్నాడు. డాక్టరమ్మ వచ్చి సంతకాలు చూసి, "భయపడకండి మాస్టారూ" అని వెళ్ళింది. గదిలో ఇద్దరే మిగిలారు.

"భయంగా ఉందోయ్" అన్నాడాయన.

'ఏం కాదండీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. టచింగమ్మ దాన్ని మింగింది. అంత చేదుగా ఉంటుందనుకోలేదు.

"దేనికి?" అని అడిగింది.

ఆయన ఆవిడ వైపు అనుమానంగా చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. మత్తులోంచి లేవనేమోనని. లేచినా నాలుక తిరగదేమోనని. పిల్లలు వెక్కిరిస్తారేమోనని. చిన్నప్పుడు నత్తి ఉండేదట ఆయనకి. నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పి పోగొట్టుకున్నాడట. మళ్ళీ వస్తుందేమోనని. నత్తి సంగతి ఇంత కాపురంలో ఆవిడకి తెలియదు. 'ఆ పిల్లకి తెలుసా?' అన్న ప్రశ్న లోపల తల ఎత్తింది. దాన్ని అక్కడే కూర్చోబెట్టి, ఆయన చెప్పేది విన్నది. స్ట్రెచరు వచ్చేదాకా విన్నది.

గడ్డ పండులోంచి గింజ ఊడినట్టు ఒక్క ముక్కగా వచ్చింది. దాంతోపాటు రెండు పళ్ళు పోయాయి. డాక్టరమ్మ చిన్న సీసాలో తెచ్చి చూపించింది. తెల్లగా, గరుగ్గా, నిమ్మకాయంత. "ఇదే ఆంటీ" అంది అలసటగా. ఆ క్షణాన ఆమె కళ్ళకింద నల్లటి చారలు స్పష్టంగా కనిపించాయి. టచింగమ్మకి వాటిని చూసి సంతోషం కలగాలి. కలగలేదు. "నువ్వేమైనా తిన్నావా?" అని అడిగింది.

కింది పెదవి ఒక పక్క కొన్నాళ్ళు మొద్దుబారి ఉంది. 'ప' అనబోతే 'ఫ' వచ్చేది. పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వాడు. క్రమంగా సర్దుకుంది. ఇంట్లో ఆయన మాట్లాడే మాటలు మూడు నుంచి మూడువందలేమీ కాలేదు. కొన్ని రోజులు అలాగే 'ఊ', 'సరే'. వదిన అప్పుడప్పుడు వచ్చి "డాక్టరమ్మ కులాసాయేనా?" అని పుల్ల పెట్టి వెళుతూనే ఉంది. దానికి టచింగమ్మ ఒంటికి కారం రాసుకున్నట్టు మండుతూనే ఉంది.

ఏడాది తిరిగాక చూపించుకోవడానికి ఇద్దరూ వెళ్ళారు. కొత్త ఎక్స్‌రేలో నల్లటి గొయ్యి స్థానంలో కొత్త ఎముక పొగలా అల్లుకుంటోంది. మాస్టారూ డాక్టరమ్మా లెక్కల గురించి ఏదో మాట్లాడుకుని గట్టిగా నవ్వుకున్నారు. టచింగమ్మ పక్క కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. కుళ్ళు ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉంది, కొంచెం చిన్నదై.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాస్టారు కిటికీ పక్కన కూర్చుని, అడగకుండానే మొదలుపెట్టాడు. ఆ ఏడాది ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉందట, సున్నాతో ఎందుకు భాగించకూడదో చెబితేగాని పాఠం ముందుకు సాగనివ్వదట. ఆ పిల్లకి ఏం జవాబు చెప్పాడో, దానికి ఆ పిల్ల ఏమందో, ఆయన చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. వాళ్ళు దిగాల్సిన స్టాపు వచ్చింది. బస్సు ఆగింది, కదిలింది. టచింగమ్మ చూసింది గాని చెప్పలేదు.

"ఊ, తర్వాత?" అంది.